కొంగ లిస్టు మునిగిన రోజు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం ఇంకా పడక మీంచి లేవలేదు. కేరళలో వానలు ముసురుకునే కర్కాటక మాసపు మబ్బు కాలవ మీదికి దిగి కొబ్బరిచెట్ల తలలను మింగేసింది. మొదళ్ళు మాత్రం బయట నిలబడి ఉన్నాయి. వాన పడటం లేదు, వెలిసినట్టూ లేదు. ఏడ్చి ఏడ్చి అలిసిన పిల్ల ముక్కు చీదుకోవడానికి ఆగినట్టు ఉంది.

దివాకరన్ అరుగు మీద నిలబడి ఆ ఆకాశాన్ని చూసి సంతోషించాడు. కరెంటు ఉంది. ఇంటర్నెట్ లైను ప్రాణంతో ఉంది. ఆ రోజు అతనికున్న పని ఒక్కటే. నల్లకాఫీ తాగి, కంప్యూటరు ముందు కూర్చుని, "నాకు అభ్యంతరం ఉంది" అని ఒక ఉత్తరం పంపాలి. అది అయిపోతే రేడియోలు బాగుచేసే తన కొట్టు తాళం తీసి, ఎవరూ రాని ఆ కొట్టులో రోజూలాగే కూర్చోవచ్చు.

ఆ ఉత్తరం వెళ్ళవలసింది కొంగ లిస్టుకు. కొంగ అంటే పక్షి కాదు. కాలవలో ఒంటికాలి మీద నిలబడ్డ ఒక ఇనప గొట్టం. ఆ ప్రాంతంలో పొలాలూ కొన్ని ఇళ్ళూ కాలవ కంటే పల్లంలో ఉంటాయి. గట్టు నీళ్ళను ఆపుతుంది, గట్టు దాటి ఊరిన నీళ్ళను మోటారు తోడిపోస్తుంది. నీళ్ళు ఎర్రగీత దాటితే ఆ గొట్టం తనంతట తాను కబురు పంపుతుంది. దాన్ని చేసింది దివాకరనూ, కాలవకు అవతలి గట్టున ఉండే అతని స్నేహితుడు కురువిళా. చేసే విధానం దాచుకోకుండా అడిగినవాళ్ళందరికీ చెప్పారు. అడిగేవాళ్ళు పెరిగారు. అప్పుడు మెయిలింగ్ లిస్టు పెట్టారు. ఆ లిస్టులో ఒకరు ఉత్తరం రాస్తే అందరి పెట్టెల్లోకీ ఒక్కో ప్రతి చేరుతుంది. ఎవరైనా జవాబు రాస్తే ఆ జవాబూ అందరికీ చేరుతుంది. కొంగలు కూడా లిస్టులో సభ్యులే. మనుషుల కంటే తక్కువ మాట్లాడతాయి, పనికొచ్చేదే మాట్లాడతాయి.

లిస్టును నడిపే యంత్రం దివాకరన్ ఇంట్లోనే, వెనక గదిలో, బల్ల కింద ఉంటుంది. త్రిస్సూరు పొలాల నుంచి, బెంగాల్ నుంచి, ఆఖరికి హాలెండ్ నుంచి కూడా ఉత్తరాలు ఆ బల్ల కిందికి వచ్చి, అక్కణ్ణుంచి లోకమంతా వెళ్ళేవి. భార్య తంకమణి ఊడవడానికి వస్తే, "చీపురు జాగ్రత్త, కింద నాలుగు దేశాల మనుషులున్నారు," అనేవాడు. ఊళ్ళో అతను పాత రేడియోల దివాకరన్. బల్ల కింద మాత్రం కాపలాదారు.

లిస్టుకు ఒక నియమం ఉంది. దాన్ని రాసింది కూడా దివాకరనే. ఎవరైనా ఒక ప్రతిపాదన పెట్టాక మూడో రోజు సాయంత్రం దాకా ఎవరూ అభ్యంతరం రాయకపోతే అది ఆమోదం పొందినట్టే. ఓట్లు లేవు, చేతులెత్తడాలు లేవు. మౌనమే ఒప్పుకోలు. అభ్యంతరం లిస్టు మీద రాస్తేనే చెల్లుతుంది, నోటితో చెబితే చెల్లదు. వాగేవాళ్ళ నోళ్ళు ఎప్పటికీ మూతపడవు గనక ఊరుకున్నవాళ్ళనే లెక్కలోకి తీసుకోవాలని అతని వాదన. ఆ నియమాన్ని చాలా చోట్ల మెచ్చుకున్నారు.

గురువారం కొచ్చిలో ఉండే షెమీనా అనే ఇంజినీరు ప్రతిపాదన పెట్టింది. లిస్టు మూసేద్దాం, ఫోరం తెరుద్దాం అని. అందరూ చూసుకోవడానికి ఒకటి అప్పటికే కట్టి ఉంచింది. ఫోరం అంటే నెట్టులో ఒక చావడి. అక్కడ ఒక్కో సంగతికి ఒక్కో అరుగు ఉంటుంది. మాట్లాడాలనుకున్నవాళ్ళు అక్కడికి వెళ్ళి మాట్లాడాలి.

"కొత్తగా వచ్చిన ప్రతివాడూ కొంగ కాలికి తుప్పు పడితే ఏం చేయాలని అడుగుతాడు," అని రాసింది షెమీనా. "జవాబు మనం వందసార్లు ఇచ్చాం. అది ఎవరి పెట్టెలో ఏ మూల ఉందో ఎవరికీ తెలియదు. ఫోరంలో అయితే వెతికితే దొరుకుతుంది, తప్పు రాస్తే దిద్దుకోవచ్చు. మన లిస్టు మంచి నీళ్ళ బావే అన్నా, కానీ చేద లేదు."

ఆ మాటలో నిజం ఉండటం వల్ల దివాకరన్‌కు నొప్పి ఎక్కువైంది. దాని కిందే కురువిళ రెండు ముక్కలు రాశాడు: "బాగానే ఉంది." ఆ రెండు ముక్కలు చదివిన సాయంత్రం నుంచి దివాకరన్ కాలవ దాటలేదు. అంతకుముందు ఏ సాయంత్రమూ దాటకుండా లేడు.

"ఒక్క 'వద్దు' రాయడానికి ఇన్నాళ్ళా?" అని తంకమణి కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "పెళ్ళిచూపుల్లో నన్ను చూసి 'సరే' అనడానికి కూడా ఇంతసేపు తీసుకోలేదు మీరు."

"అప్పుడు కారణాలు అడగలేదు ఎవరూ."

కారణాలు చాలా రాశాడు అతను. లిస్టు కాలవలాంటిది, నీళ్ళు మన మెట్టు దగ్గరికే వస్తాయి. ఫోరం బావిలాంటిది, కుండ పట్టుకుని మనమే పోవాలి అని రాశాడు. లైను పోయినా పెట్టెలో పడ్డ ఉత్తరం పోదని, పొలంగట్టు మీద కూర్చుని చదువుకోవచ్చని రాశాడు. ఫోరం తన ఊళ్ళో తెరుచుకోదని కూడా రాశాడు. రుజువుగా, తెర మీద తిరుగుతూ తిరుగుతూ ఉండే గుండ్రటి గుర్తుకు పదహారు ఫోటోలు తీసి జోడించాడు. పదహారింట్లోనూ గుర్తు ఒక్కటే. తిరిగే వస్తువు ఫోటోలో ఆగిపోయి కనబడుతుందని అతనికి తట్టలేదు.

పంపాడు. కాఫీ గుటక వేశాడు. వెంటనే జవాబు వచ్చింది.

"మీ ఉత్తరం మోయలేనంత బరువుగా ఉంది. పల్లెల్లో లైను సన్నమని మీకు తెలియదా? కాపలాదారు చూసేవరకు గేటు దగ్గర ఆపడమైనది. ఓపిక పట్టండి. ఇట్లు, కాపలాదారు, దివాకరన్."

బొమ్మలు జోడించే కుర్రకారు మీద కోపంతో ఏనాడో తాను రాసిపెట్టిన మందలింపు అది. ఇప్పుడు మొదటిసారి దాన్ని గేటు బయట నిలబడి చదివాడు. కాస్త మర్యాదగా రాసి ఉండవలసిందనిపించింది.

"ఆ బొమ్మలు తీసేసి పంపండి," అంది తంకమణి.

"గేటు నాదే. తాళం నా దగ్గరే ఉంది. నా ఉత్తరాన్ని నేనే లోపలికి రానిస్తాను, ఆగు."

గేటు పేజీ తెరిచాడు. లైను సన్నం కదా, పేజీ సగమే వచ్చింది. ఒక వరస మీటలు కనబడ్డాయి, వాటి మీది రాతలు ఇంకా దారిలో ఉన్నాయి. ఎడమ వైపుది 'దీన్ని రానివ్వు' అని అతనికి గుర్తు. నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. అప్పుడు రాతలు వచ్చాయి. ఎడమ వైపు మీట మీద 'అందరినీ రానివ్వు, ఇకపై ఆపవద్దు' అని ఉంది.

గేటు దగ్గర చాలా ఏళ్ళుగా ఆగి ఉన్న జనం కదిలారు. లాటరీ తగిలిందని చెప్పేవాళ్ళు, జుట్టు మొలిపించేవాళ్ళు, తండ్రి ఆస్తి తరలించడానికి సాయం అడిగే రాజకుమారులు, కొంగలు చేసే ఊరికి నిజం కొంగల బొమ్మలు అమ్మజూపేవాళ్ళు. అందరూ ఒకరి వెనక ఒకరు బల్ల కింది యంత్రంలోంచి బయలుదేరి నాలుగు దేశాల మనుషుల పెట్టెల్లోకి వెళ్ళడం మొదలుపెట్టారు. దివాకరన్ ఉత్తరం ఆ వరసలో అందరికంటే చివర నిలబడి ఉంది. కొత్తగా వచ్చింది కాబట్టి.

ఇంతవరకే అయితే క్షమాపణ రాసి బయటపడేవాడు. కానీ గేటు దగ్గర ప్రొఫెసర్ నంబీశన్ కూడా ఉన్నాడు.

నంబీశన్ ప్రతి కర్కాటకంలోనూ తైల చికిత్సకు వెళతాడు. వెళ్ళేముందు తన పెట్టెకు ఒక పని అప్పగిస్తాడు. ఎవరి నుంచి ఏ ఉత్తరం వచ్చినా, "నేను చికిత్సలో ఉన్నాను. ఈ నెల ఏ తెరనూ చూడను. శాంతి," అని అది తనంతట తాను జవాబిస్తుంది. ఒక ఏడు ఆ జవాబు లిస్టుకే రావడం, లిస్టు దాన్ని అందరికీ పంచుతూ నంబీశన్‌కూ పంపడం, నంబీశన్ పెట్టె దానికీ జవాబివ్వడం జరిగింది. అప్పటి నుంచి దివాకరన్ ప్రతి కర్కాటకంలోనూ ఆయన శాంతిని గేటు దగ్గరే ఆపేస్తున్నాడు. ఈ రోజు ఆ అడ్డు కూడా తొలిగిపోయింది.

"నేను చికిత్సలో ఉన్నాను. శాంతి," అని వచ్చింది. ఆ వెనకే, తన శాంతి తనకే చేరినందుకు, "నేను చికిత్సలో ఉన్నాను. శాంతి." దాని వెనక మరొకటి.

అప్పుడు జనం లేచారు. ఎవరో, "నా పేరు తీసెయ్యండి," అని రాశారు. అది అందరికీ వెళ్ళింది. నంబీశన్ పెట్టె దానికీ శాంతి చెప్పింది. మరొకాయన, "పేరు తీసెయ్యమని అందరికీ రాయకండి, బుద్ధి ఉందా?" అని అందరికీ రాశాడు. హాలెండు మనిషి చాలా మర్యాదగా, తాను ఎన్నో ఏళ్ళుగా ఈ లిస్టును ప్రేమిస్తున్నానని, ఇక చాలని రాశాడు. బెంగాల్ నుంచి ఒకాయన రాజకుమారుడికి జవాబిచ్చాడు. సాయం చేస్తానన్నాడు.

దివాకరన్ చికిత్సాలయానికి ఫోన్ చేశాడు.

"నంబీశన్ గారితో మాట్లాడాలి. చాలా అవసరం."

"సారు నూనెతొట్టిలో ఉన్నారండి," అంది అవతలి గొంతు.

"లేపండి."

"లేపితే జారతారండి. పోయినేడు ఒకాయన జారి గుమ్మం దాకా వెళ్ళిపోయారు."

"ఆయన లేవనక్కర్లేదు. ఆయన ఫోన్ తెచ్చి చెవి దగ్గర పెట్టండి చాలు."

"ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తామండి. తాళంచెవి వైద్యుడి మొలతాడుకుంటుంది."

"వైద్యుణ్ణి పిలవండి మరి!"

"ఆయన పక్క తొట్టిలో ఉన్నారండి. కర్కాటకం కదా, ఆయనకు మాత్రం ఒళ్ళు లేదా?"

దివాకరన్ ఫోన్ పెట్టేసి నుదురు పట్టుకున్నాడు. వెంటనే అది మోగింది. షెమీనా.

"దివాకరన్ అన్నా, ఏమవుతోందక్కడ?"

"నీ దగ్గర ఏమవుతోందో చెప్పు ముందు."

"మీరు కోప్పడకూడదు. పెద్దవాళ్ళకు అలవాటవుతుందని, లిస్టుకొచ్చిన ప్రతి ఉత్తరమూ ఫోరంలో కూడా కనబడేలా పెట్టాను."

"ఊఁ."

"ఫోరంలోకి ఎవరూ రావడం లేదని, నిన్న రాత్రి నుంచి... అక్కడ కొత్తది ఏది పడ్డా లిస్టుకు కబురు వచ్చేలా కూడా పెట్టాను."

దివాకరన్ కళ్ళు మూసుకున్నాడు. "అంటే లిస్టు తుమ్మితే ఫోరం చిరంజీవ అంటుంది. ఆ చిరంజీవ విని లిస్టు మళ్ళీ తుమ్ముతుంది."

"అవునన్నా."

"మధ్యలో నంబీశన్ శాంతి అంటాడు."

"అవునన్నా. ఇద్దరికీ."

"ఆ ఫోరం ఆపు తల్లీ."

"ఆపుదామనే చూస్తున్నా. నన్నే లోపలికి రానివ్వడం లేదు. పడుతోంది, లేస్తోంది. లేచిన ప్రతిసారీ మొదటి నుంచి మళ్ళీ పంపుతోంది. మీరు లిస్టు ఆపెయ్యండన్నా, ఒక్క పూట."

ఆపడం తేలికే. బల్ల కింది యంత్రానికి ఒక తీగ ఉంది, గోడకు ఒక ప్లగ్గు ఉంది. కానీ అతని అభ్యంతరం ఇంకా వరసలోనే ఉంది. సాయంత్రం లోపల అది జనానికి చేరకపోతే మౌనం కింద లెక్క. లిస్టును బతికించే ఉత్తరం బయటికి వెళ్ళాలంటే లిస్టును చంపుతున్న వరదను ఆపకూడదు. దివాకరన్ ఈ మాట షెమీనాకు చెప్పలేదు. "చూస్తాను," అని పెట్టేశాడు.

అప్పుడు, రెండు రోజుల కిందే చేయవలసిన పని చేశాడు. బొమ్మలు లేకుండా, కారణాలు లేకుండా, "నాకు అభ్యంతరం ఉంది," అని ఒక్క వాక్యం రాసి పంపాడు. అది కూడా బుద్ధిగా వెళ్ళి వరస చివర నిలబడింది. ముందున్న జనాన్ని చూస్తే పండగపూట రేషన్ కొట్టు గుర్తొచ్చింది. ఒకరు కదిలేలోగా వెనక పదిమంది చేరుతున్నారు. అందులోనూ సగంమంది నంబీశన్లే.

మధ్యాహ్నం వాన మళ్ళీ అందుకుంది. దివాకరన్ గంజి తాగలేదు. వరసలోంచి పనికిమాలిన ఉత్తరాలను ఏరి పారేస్తే తన వాక్యానికి దారి దొరుకుతుందని, గుప్పిళ్ళ కొద్దీ చెరిపేస్తూ కూర్చున్నాడు. రాజకుమారుడు, శాంతి, శాంతి, జుట్టు, నా పేరు తీసెయ్యండి, చిరంజీవ, శాంతి, నీళ్ళు ఎర్రగీత దాటాయి, శాంతి, లాటరీ. కలుపు తీసేవాడు మొక్కను చూడడు, చెయ్యి ఎటు పోతే అటు పోతాడు. అన్నీ పోయాయి.

"ఏమండీ, వాకిట్లోకి నీళ్ళొస్తున్నాయి," అంది తంకమణి గుమ్మంలో నిలబడి.

"ఇక్కడ నేను పీకలదాకా మునిగి ఉన్నాను. కాస్త ఆగు."

"నేను చెప్పేది నిజం నీళ్ళు."

"కురువిళ మోటారు వేస్తాడులే. ఈ వారం వంతు వాడిది. కొంగ చెప్పి ఉంటుంది వాడికి."

ఆ మాట అంటూండగా తెర మీద చిన్న కబురు ఒకటి వచ్చింది. సభ్యులు ఎవరైనా వెళ్ళిపోతే కాపలాదారుకు మాత్రమే వచ్చే కబురు అది. పొద్దుటి నుంచి అలాంటివి చాలా వచ్చాయి. హాలెండ్ వెళ్ళింది, త్రిస్సూరు వెళ్ళింది, బెంగాల్ రాజకుమారుడితో వెళ్ళిపోయింది. ఇందులో మాత్రం కురువిళ పేరుంది. లిస్టులో చేరిన మొదటి పేరు అదే. ఆ రోజు ఇద్దరూ ఈ గదిలోనే, ఈ బల్ల ముందే, ఒక్క కుర్చీలో చెరో సగం కూర్చుని ఒకరికొకరు ఉత్తరం రాసుకున్నారు. "అందిందా?" అని దివాకరన్ రాశాడు. "పక్కనే ఉన్నాను కదరా," అని కురువిళ జవాబు రాశాడు.

దివాకరన్ చేయి మీట మీంచి జారింది. ఫోరం బాగానే ఉందన్నప్పుడు వాడు ఒక పద్ధతిని వదిలాడనుకున్నాడు. ఇప్పుడు వదిలింది పద్ధతిని కాదు. వాన చప్పుడు వింటూ చాలాసేపు అలాగే కూర్చున్నాడు. పాదాలు చల్లగా ఉన్నాయి. దిగులుకు పాదాలు చల్లబడతాయని ఎవరో చెప్పగా విన్నాడు. నిజమేననుకున్నాడు.

కాసేపటికి చీలమండలు కూడా చల్లబడ్డాయి. అప్పుడు కిందికి చూశాడు.

వెనక గది ఇంట్లోకెల్లా పల్లం. చెప్పు ఒకటి తేలుతూ వచ్చి, అతని పాదాన్ని పరామర్శించి వెళ్ళింది. బల్ల కింది యంత్రానికీ నీళ్ళకూ మధ్య ఒక ఇటుక ఎత్తు మాత్రమే ఉంది. ఇటుక ఎవరు పెట్టారో అతనికి తెలియదు. తర్వాత తెలిసింది, ఊడవడానికి అడ్డంగా ఉందని తంకమణి పెట్టింది.

"ప్లగ్గు తియ్యండి!" అని వంటింట్లోంచి అరిచింది. బియ్యం డబ్బా నెత్తిన ఉంది, పిల్లి చంకలో ఉంది. "దాన్ని ముట్టుకునేముందు ప్లగ్గు తియ్యండి!"

తెర మీద వరస కదులుతూనే ఉంది. అతని వాక్యం ఇప్పుడు చాలా ముందుకొచ్చింది. దాని ముందు ఇద్దరు నంబీశన్లు, ఒక లాటరీ. ఇంకాసేపు, అంతే. నీళ్ళు ఇటుక అంచు నాకుతున్నాయి.

"ఒక్క నిమిషం తంకమణీ! ఒక్క శాంతి అయిపోయింది!"

"కరెంటు కొడితే మొత్తం శాంతే! తీస్తారా, నన్ను రమ్మంటారా?"

ఆమె నిజంగానే నీళ్ళలోకి అడుగేసింది. దివాకరన్ పక్కనున్న మంచమెక్కి, గోడకు చేయి చాచి, ప్లగ్గు లాగేశాడు. తెర నల్లబడింది. వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. నాలుగు దేశాల మనుషులు బల్ల కింద నిశ్శబ్దమైపోయారు. అతను యంత్రాన్ని ఎత్తి, తడిసిన దూడను ఎత్తుకున్నట్టు గుండెలకు ఆనించుకుని, మంచం మీద అలా కూర్చుండిపోయాడు.

తంకమణి అరుగు మీదికి వెళ్ళింది. అక్కడివాళ్ళు కాలవ దాటించి కబురు పంపేది కూతతో. నోటి దగ్గర చేతులు దోసిలి పట్టి, బొడ్డు దగ్గరి నుంచి ఒక్క కూత వేసింది. అవతలి గట్టున కుక్క లేచింది. తలుపు తెరుచుకుంది. కాస్సేపటికి గట్టు మీద మోటారు దగ్గు వినబడింది, ఆ తర్వాత నీళ్ళు తోడే చప్పుడు. ఇంకాస్సేపటికి వానలోంచి ఒక దోనె వచ్చి నేరుగా వాకిట్లోనే ఆగింది.

కురువిళ నెత్తిన తాటాకు గొడుగు ఉంది. దివాకరన్‌ను చూశాడు, అతని ఒళ్ళోని యంత్రాన్ని చూశాడు.

"నీళ్ళొచ్చాయని చెప్పొద్దురా?"

"కొంగ చెప్పిందనుకున్నా."

"నాకు చెప్పలేదు."

"నువ్వు వెళ్ళిపోయావు కదా లిస్టులోంచి," అన్నాడు దివాకరన్.

"ఫోను జేబులో కుంపటి అయిందిరా. తీసి నీళ్ళకుండ మీద పెట్టాను, అక్కడా గంతులేసింది. నంబీశన్‌కు ఏమైంది, పోయాడా? పొద్దుటి నుంచీ శాంతి శాంతి అని ఒకటే!"

"నూనెలో ఉన్నాడు."

"ఊఁ. ఎక్కండి. మా ఏలియామ్మ పొయ్యి మీద కుండ పెట్టింది. మీ వంటిల్లు ఎలాగూ చేపలకు వదిలేశారు."

తంకమణి పిల్లితో ఎక్కింది. దివాకరన్ యంత్రంతో ఎక్కాడు. దోనె కాలవ నడుమకు వచ్చేసరికి అవతలి ఒడ్డు చర్చిలో సాయంత్రం గంట మోగింది. కురువిళ అలవాటుగా ఒక చేత్తో శిలువ గుర్తు వేసుకుని, మళ్ళీ తెడ్డు పట్టుకున్నాడు. దివాకరన్ గంట చప్పుడు పూర్తిగా ఆగేవరకు విన్నాడు.

"అయిపోయింది," అన్నాడు. "మూడో సాయంత్రం. ఎవరూ అభ్యంతరం రాయలేదు. ఇక ఫోరమే."

దోనె గట్టుకు తగిలాక, కురువిళ తాడు కట్టి, ముడిని అవసరానికి మించి సవరించి, అప్పుడు అన్నాడు.

"అదీ అంత తేలిక్కాదు."

"ఏం?"

"గురువారం సాయంత్రం నువ్వు రాలేదు. అరుగు మీద లాంతరు పెట్టుకుని కూర్చున్నా. రాలేదు. తెల్లారీ రావని అర్థమైంది. ఆ రాత్రే ఆ ఫోరంలోకి వెళ్ళి నేనూ ఒక ప్రతిపాదన పెట్టా. మెయిలింగ్ లిస్టు ఎప్పటికీ మూయకూడదు అని."

దివాకరన్ యంత్రాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వే కదరా బాగానే ఉందన్నావు?"

"అన్నాను. బాగానే ఉంది కూడా. తుప్పు సంగతి వెతికితే టక్కున దొరికింది. అందరి ముందూ అన్న మాటను అందరి ముందూ వెనక్కి తీసుకోలేక, ఎవరూ లేని చోట పెట్టా."

"ఫోరంలోనా?"

"అంతకంటే ఎవరూ లేని చోటు ఎక్కడుంది?"

"లిస్టు మీదే రాసి ఉండకూడదా?" అన్నాడు దివాకరన్. ఆ ఒక్క వాక్యం కురువిళ రాసి ఉంటే, పొద్దుటి కాఫీ తర్వాత తాను కొట్టు తాళం తీసి ఉండేవాడు.

"నువ్వు చూస్తావనుకున్నానురా."

"నేను ఫోరం తెరవను కదరా. పదహారు ఫోటోలు తీశాను కూడా."

"షెమీనా అయినా చూస్తుందనుకున్నా. ఆ పిల్ల కూడా లిస్టే చదువుతుందట." కురువిళ గొడుగు మడిచి నీళ్ళు దులిపాడు. "పెట్టి మూడో సాయంత్రం. నియమం నియమమే. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. అదీ ఆమోదం పొందినట్టే."

దివాకరన్ లెక్క వేసుకున్నాడు. లిస్టు మీది మౌనం వల్ల లిస్టు మూతపడింది. ఫోరంలోని మౌనం వల్ల లిస్టు ఎప్పటికీ మూతపడకూడదు. లిస్టు బల్ల కింది నుంచి లేచి దోనెలో ఉంది, ఫోరం కొచ్చిలో పడుతూ లేస్తూ ఉంది. సభ్యులు రెండింట్లోనూ లేరు.

"అయితే ఇప్పుడు ఏది ఉన్నట్టు? ఏది పోయినట్టు?" అని గుమ్మంలోంచి కురువిళ భార్య ఏలియామ్మ అడిగింది.

"ఎవరో ఒకరు ఏదో ఒకదానికి అభ్యంతరం రాయాలి వదినా," అన్నాడు దివాకరన్.

"ఎక్కడ రాయాలి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ సంగతి నియమంలో లేదు. ఏలియామ్మ వాళ్ళ తీరు చూసి, కాళ్ళు కడుక్కోమని చెంబు అందించి లోపలికి వెళ్ళిపోయింది.

యంత్రాన్ని ఏసు పటం కింద, పొడి బల్ల మీద పెట్టారు. పిల్లి దాని పక్కన పడుకుంది. నలుగురూ నేల మీద కూర్చున్నారు. ఉడికిన కర్రపెండలం ఆవిరి కక్కుతోంది, మట్టిచట్టిలో చేపల పులుసు ఎర్రగా ఉంది. వాన కప్పు మీద పడుతోంది. అవతల మోటారు నీళ్ళు తోడుతోంది. దివాకరన్ తలవంచుకుని తింటున్నాడు. కురువిళ తన ఆకులోని చేప తల తీసి, దివాకరన్‌కు అది ఇష్టమని తెలుసు గనక, మాట లేకుండా అతని ఆకులో వేశాడు. దివాకరన్ మాట లేకుండా తిన్నాడు.

ఏలియామ్మ చట్టి పట్టుకుని ముందు దివాకరన్ దగ్గర ఆగింది, తర్వాత కురువిళ దగ్గర ఆగింది. ఇద్దరూ నోరు విప్పలేదు. ఆమె ఇద్దరి ఆకుల్లోనూ నిండా పులుసు పోసింది.

అభ్యంతరం ఎవరూ చెప్పలేదు కాబట్టి, నియమం ప్రకారం, ఆమోదం పొందిన ప్రతిపాదన ఆ రోజుకు అదొక్కటే.